ప్రేగ్ వెళ్ళినవాళ్ళ ఇంట్లో దీపం

సొంత ఇంట్లో దొంగల్లా ఊపిరి బిగబట్టి కూర్చున్న మొగుడూపెళ్ళాల్ని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. షార్జాలో ఒక ఏడో అంతస్తు ఫ్లాట్‌లో, బెడ్‌రూమ్‌కి లోపల్నుంచి తాళం వేసుకుని, మంచం మీద బొమ్మల కొలువులో చెట్టియారు దంపతుల్లా కూర్చున్నారు ఉమామహేశ్వరి, రామచంద్రరావు. బయట హాల్లో గాజుల చప్పుడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. వచ్చింది దొంగేమీ కాదు, ఎదురు ఫ్లాట్ కృష్ణవేణి. తాళంచెవి ఇచ్చిందీ ఈ దంపతులే. కాకపోతే లోకం లెక్కలో వీళ్ళిద్దరూ ఇప్పుడు ప్రేగ్‌లో ఉన్నారు.

ప్రేగ్! ఆ మాట ఉమామహేశ్వరి నోట్లో ఎన్నేళ్ళుగా నానిందో. ఎప్పుడో ఒక క్యాలెండర్లో చూసింది, నది మీద రాతి వంతెన, దానికి రెండు వైపులా విగ్రహాలు, వెనక కొండమీద కోట. "ఏవండీ, ఒక్కసారి" అంది. "వచ్చే ఏడాది" అన్నాడాయన. వచ్చే ఏడాదికి ఆఫీసులో ఆడిట్, ఆ వచ్చే ఏడాదికి పిల్లని ఇండియాలో కాలేజీలో చేర్చడం, ఆ పైన కరోనా. అన్నిటికన్నా పెద్ద అడ్డం ఇంట్లోనే ఉంది. రామచంద్రరావుకి తండ్రి చేతుల మీదుగా వచ్చిన నిమ్మకాయంత సాలగ్రామం. దాన్ని పస్తు ఉంచకూడదు, పరాయి గడప దాటించకూడదు. అందుకని ఇరవయ్యేళ్ళుగా ఊరెళ్ళినా ఒకరు వెళితే ఒకరు ఉండిపోవడమే తప్ప ఇద్దరూ కలిసి ఇల్లు కదిలింది లేదు.

ఈసారి పెళ్ళయి పాతికేళ్ళు. ఉమామహేశ్వరి మొండికేసింది. ఊళ్ళో పురోహితుడికి ఫోన్ చేస్తే ఆయన సగం దిగొచ్చాడు. "అభిషేకం వచ్చాక చేసుకోండి. దీపం, నైవేద్యం మాత్రం రోజూ పడాలి. ఎవరైనా శుచిగా పెట్టొచ్చు." ఆ ఎవరైనా ఎవరో వెతుక్కోవలసిన పని లేకపోయింది. కరీంనగర్ పిల్ల కృష్ణవేణి, భర్త ఎక్కడో దూరాన రువైస్‌లో ప్లాంటు ఉద్యోగం చేస్తూ వారానికోసారి వచ్చిపోతాడు, కొడుకు ఆశిష్ హైదరాబాదులో చదువుకుంటున్నాడు, పదేళ్ళుగా ఉమామహేశ్వరికి చెల్లెలి కన్నా ఎక్కువ. "అక్కా, నువ్వు బేఫికర్ పో. నీ సామిని నేను జూసుకుంట. ముట్టుకోను, దూరంకెల్లే పెడ్త" అని తాళంచెవి లాక్కుంది.

ఇక తెలుగు ఆడవాళ్ళ గ్రూపులో అదొక పండగ. కింది అంతస్తు విజయదుర్గ ఉందే, ఆవిడ నోటికి మూత లేదు. "ఉమ వదినగారు వెళ్ళేదాకా యూరప్ అక్కడే ఉంటుందంటారా?" అని ఏటేటా అనేది. ఈసారి ఆవిడే ముందుండి, హల్వా డబ్బా పట్టుకుని సాగనంపడానికి లిఫ్టు దగ్గర నిలబడింది.

ఇప్పుడు రామచంద్రరావు చేసిన ఘనకార్యం వినండి. ఆయన కార్గో కంపెనీలో అకౌంట్స్ మేనేజరు. ఊరందరి కాగితాల్లో తప్పు తేదీలు పట్టుకునే మనిషి. ప్రయాణం అయ్యాక కూడా మూడు నెలలు ఇక్కడి నివాస వీసా మిగిలి ఉంటేనే యూరప్ వీసా ఇస్తారన్న చిన్న ముక్క తన కాగితాల్లోనే చూసుకోలేదు. "ముదీర్ రెన్యూ చేయిస్తానన్నాడే, అంతలో అయిపోతుంది" అని ఆఫీసు బాసు మాట నమ్ముకున్నాడు. కాలేదు. ప్రయాణం రోజు మధ్యాహ్నం పాస్‌పోర్టులు తిరిగొచ్చాయి. వీసా ఉండాల్సిన పేజీ తెల్లగా ఉంది.

నాలుగింటికి లిఫ్టు దగ్గర జనం. సూట్‌కేసులకు కుంకుమ బొట్లు కూడా పెట్టేశారు. ఆ మొహాలు చూసి వీసా రాలేదని చెప్పడానికి మొగుడికి నోరు పెగల్లేదు, పెళ్ళానికీ పెగల్లేదు. టాక్సీ ఎక్కారు, చేతులూపారు, ఒక మాల్‌లో సూట్‌కేసులు పక్కన పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నారు. తర్వాత బేస్‌మెంట్ పార్కింగ్ లిఫ్టులోంచి, పిల్లిలా, మళ్ళీ సొంతింటికి.

"రేపు పొద్దున్నే చెప్పేద్దామండీ" అంది ఉమామహేశ్వరి.

"చెప్పేద్దాం" అన్నాడాయన. పొద్దున్నే గ్రూపులో విజయదుర్గ మెసేజ్. "వదినగారూ, దిగారా?" ఉమామహేశ్వరి మొహం కడుక్కుని వచ్చేసరికి రామచంద్రరావు ఆవిడ ఫోన్‌లో "దిగాం" అని కొట్టేసి, పక్కన విమానం బొమ్మ కూడా పెట్టి ఉన్నాడు. ఒక్క వేలితో మనిషి గొయ్యి తవ్వుకోగలడంటే నమ్మండి.

"అయ్యో రాత! ఏం పని చేశారండీ ఇది?"

"ఆరు రోజులే ఉమా. కళ్ళు మూసుకుంటే అయిపోతాయి."

కళ్ళు మూసుకుంటే సరిపోలేదు, నోరు, ముక్కు, కుళాయి అన్నీ మూసుకోవలసి వచ్చింది. కుక్కర్ పెట్టకూడదు, విజిల్ కారిడార్‌లోకి వినిపిస్తుంది. పోపు వెయ్యకూడదు, ఇంగువ వాసన లిఫ్టుదాకా పోతుంది. కర్టెన్ తియ్యకూడదు, కింద నాతూర్ సలీం, బిల్డింగ్ వాచ్‌మన్, పొద్దస్తమానం తలెత్తి కిటికీలు చూడటమే ఉద్యోగమన్నట్టుంటాడు. ఆర్డర్ పెట్టి తెప్పించుకుందామంటే డెలివరీ వాడు ముందు ఆ సలీంనే అడుగుతాడు. ప్రయాణమని ఫ్రిజ్ ఖాళీ చేసి పెట్టిన మహాతల్లి ఉమామహేశ్వరే. హల్వా డబ్బా ఒకటి మిగిలింది. రెండు పూటలు హల్వా తింటే మూడో పూట హల్వా పేరెత్తితే వాంతి వస్తుంది.

కృష్ణవేణి ఉదయం ఎనిమిదికల్లా వస్తుంది కాబట్టి ఏడున్నరకే ఇద్దరూ బెడ్‌రూమ్‌లోకి చేరి తాళం వేసుకోవాలి. ఊరెళ్ళేవాళ్ళు బెడ్‌రూమ్‌కి తాళం వేసుకోవడం మామూలే కనుక అనుమానం రాదని రామచంద్రరావు లాజిక్. తాళంచెవి ఆయన చొక్కా జేబులో. దేవుడి మందసం సరిగ్గా ఆ తలుపుకి ఎదురుగా ఉంది. మొదటి రోజు ఆ పిల్ల దీపం పెట్టి, రెండు అరటిపళ్ళు ఉంచి, "సామీ, నీ వాళ్ళు మంచిగ దిగిండ్రంట" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆకలి మీదున్న రామచంద్రరావు ఒక పండు వలిచి సగం తిని సగం పెళ్ళానికిచ్చాడు. "ప్రసాదమే కదా, ఎవరు లెక్కపెడతారు" అని తొక్క వంటింటి చెత్తబుట్టలో వేశాడు.

పాపం, ఆయన కష్టమూ చెప్పుకోవాలి. తప్పు తనదని తెలుసు. దిద్దుకోవడానికి తనకు చేతనైన దారి పట్టాడు. మధ్యాహ్నం కాగానే కొత్తగా కొన్న ఉన్ని కోటు వేసుకుని, ఫోన్ చేత్తో పట్టుకుని, "రా ఉమా, వంతెన చూద్దాం" అని హాల్లోంచి వంటింటి దాకా నడిపించేవాడు. ప్రయాణం ప్రణాళికంతా ఆయనకు కంఠస్థం. "ఇదిగో ఇక్కడ పాత ఊరి గడియారం. గంట కొట్టినప్పుడల్లా బొమ్మలు బయటికొస్తాయి. ఇటు తిరిగితే కోట. మెట్లు ఎక్కువ, మెల్లగా రా." వాషింగ్ మెషీన్ దగ్గర ఆగి అది చర్చి అనేవాడు. మొదటిసారి ఉమామహేశ్వరికి నవ్వొచ్చింది. రెండోసారి కళ్ళనీళ్ళు తిరిగాయి. "చాలు ఊరుకోండి, కాళ్ళు నొప్పులు" అంది, నాలుగు గదుల్లో తిరిగి.

గ్రూపులో మాత్రం "ఫోటోలు, ఫోటోలు" అని ఒకటే గోల. ఎక్కడెక్కడివో బొమ్మలు దింపి పంపాడాయన. "మీరిద్దరూ ఒక్కదాంట్లోనూ లేరేం వదినగారూ?" అని విజయదుర్గ. "మా ఆయన సంగతి తెలుసుగా, మనుషుల్ని తప్ప అన్నీ తీస్తారు" అని రాసింది ఉమామహేశ్వరి. అబద్ధం ఆడటం ఇంత సులువా అని తన మీద తనకే అసహ్యం వేసింది. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అన్నారా? చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఊపిరి పోతుంది.

రెండో రోజు కృష్ణవేణి దీపం పెట్టి, వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం కడిగి, "ఇప్పుడే వస్త సామీ" అని వెళ్ళి గంటలో మళ్ళీ వచ్చింది. నైవేద్యం పులిహోర. చిన్న గిన్నెడు కాదు, మూత పెట్టిన పెద్ద స్టీలు గిన్నెడు. పక్కన పెరుగన్నం వేరే. "కడుపు నిండ తిను సామీ" అంది మందసం ముందు నిలబడి.

ఆవిడ వెళ్ళగానే ఆ పులిహోర మీద పడ్డారు ఇద్దరూ. మిగిలినదాన్ని గిన్నెలో పలచగా పరిచి నిండుగా ఉన్నట్టు సర్దింది ఉమామహేశ్వరి. "చూశావా, భక్తి! పరాయి ఇంటి దేవుడికి ఇంత చేసే మనిషి ఈ రోజుల్లో ఉందా?" అని రామచంద్రరావు వేళ్ళు నాక్కుంటూ మెచ్చుకున్నాడు.

మూడో రోజు దీపం పెట్టాక కృష్ణవేణి వెళ్ళలేదు. నేల మీద కూర్చున్న చప్పుడయింది. తర్వాత, తలుపు ఇవతల ఉమామహేశ్వరికి ప్రతి అక్షరం వినబడేలా, మాట మొదలైంది.

"సామీ, ఎవ్వలకు చెప్పలే. నీకు చెప్తున్న. రొమ్ముల గడ్డ ఉన్నది. నెల దినాలాయె. డాక్టరమ్మ చేయి పెట్టి చూసి ముక్క తీసి పరీక్షకు పంపాలె అన్నది. బుధవారం పదింటికి రమ్మన్నది. ఒక్కదానివే రాకు, ఎవలనన్న తోడు తెచ్చుకో అన్నది. ఎవలను తెచ్చుకోవాలె?"

ఉమామహేశ్వరి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఆయనకు చెప్తే ఆగమైతడు. వాళ్ళమ్మ గిట్లనే పోయింది. పిల్లగానికి పరీక్షలు. అక్కకు చెప్దామని వచ్చిన. అక్క సూట్‌కేస్ సర్దుకుంట చిన్నపిల్ల లెక్క నవ్వుతున్నది. నోట్లకెల్లి మాట రాలే. పోనీ తియ్యి. నేను పోను. ఒక్కదాన్ని ఆ బల్లమీద పండుకునుడు నాతోని కాదు. ఏమన్న కానీ." ఏడుపు వినబడింది. పైకి వినబడకూడదని కొంగు అడ్డం పెట్టుకున్న ఏడుపు.

ఉమామహేశ్వరి లేచింది. రామచంద్రరావు మణికట్టు పట్టుకున్నాడు. "ఏం చేస్తున్నావ్?" అని పెదవులతోనే అడిగాడు. చొక్కా జేబు మీద రెండో చెయ్యి వేసుకున్నాడు. మందసం ముందు కూర్చున్న మనిషికి తలుపు తెరుచుకుని ప్రేగ్‌లో ఉన్న అక్క బయటికొస్తే ఏమవుతుంది? గుండె ఆగదూ? ఆ తర్వాత విజయదుర్గ? గ్రూపు? ఆయన ఆఫీసు? ఇవన్నీ ఆయన చెప్పలేదు, ఉమామహేశ్వరే అనుకుంది. నిజం చెప్పాలంటే ఆయన పట్టు అంత గట్టిగా లేదు. విడిపించుకోవచ్చు. విడిపించుకోలేదు.

దానికి బదులు ఫోన్ తీసింది. "వేణీ, ఎలా ఉన్నావే? ఒంట్లో బాగుందా?" అని కొట్టింది.

హాల్లో ఫోన్ టింగుమంది. ముక్కు చీదిన చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ వెంటనే తలుపు అవతల్నుంచి, పండగనాటి గొంతుతో, "నాకేమైంది అక్కా, మస్తుగున్న! నువ్వు మంచిగ తిరుగు, చలిల స్వెట్టర్ ఏసుకో!" అన్న మాటలు వినబడ్డాయి. అర నిమిషం తర్వాత అవే మాటలు ఉమామహేశ్వరి చేతిలో వాయిస్ మెసేజ్‌గా వచ్చి, సైలెంట్ ఫోన్ మీద చిన్న దీపంలా వెలిగాయి. మధ్యలో ఉన్నది అంగుళం మందం చెక్క. దానికి అటూ ఇటూ ఇద్దరు ప్రాణస్నేహితులు, ఒకరితో ఒకరు అబద్ధాలాడుకుంటూ.

కృష్ణవేణి వెళ్ళాక ఉమామహేశ్వరి మొగుడి మీద విరుచుకుపడింది, అదీ గుసగుసగా. గట్టిగా తిట్టడానికి కూడా వీల్లేని కాపురం.

"అది రేపు వెళ్ళనంటోంది. విన్నారా? వెళ్ళనంటోంది!"

"విన్నాను ఉమా. నాకు మాత్రం మనసు లేదా? శుక్రవారం మనం వచ్చేస్తాం కదా, అప్పుడు నువ్వే తీసుకెళ్ళు. రెండు రోజుల్లో ఏం ముంచుకుపోతుంది?"

"ఎక్కణ్ణుంచి వస్తాం? వంటింట్లోంచా?"

ఆయన తల దించుకున్నాడు. "తప్పు నాదే. పాతికేళ్ళు అడిగావు, ఒక్కసారి తీసుకెళ్ళలేకపోయాను. ఆ తేదీ ఒక్కటి చూసుకోలేదని పదిమందీ నవ్వుతుంటే తట్టుకోలేను." ఆ మాటకి ఉమామహేశ్వరికి జాలేసింది. జాలే కొంప ముంచేది. ఊరుకుంది. ఆ రోజంతా హాల్లోకి వెళ్ళి మందసం ముందు నిలబడటం, తిరిగి రావడం. నైవేద్యానికి పెట్టిన దద్దోజనం మొగుడి వైపు తోసేసింది. సాలగ్రామం వంక చూసి "నువ్వన్నా ఏదో ఒకటి చెయ్యవయ్యా" అంది. ఆ మహానుభావుడు పలికే రకం అయితే ఇరవయ్యేళ్ళ క్రితమే పలికేవాడు.

బుధవారం. దీపం వెలిగింది. గిన్నె పెట్టిన చప్పుడు. కృష్ణవేణి కూర్చుంది.

"సామీ, ఇయ్యాల్నే. పదింటికి. చీర కట్టుకున్న, ఫైలు సంచిల పెట్టుకున్న. తలుపు దగ్గరిదాక పోయిన, కాళ్ళు రాలే. పోనా? వద్దా? నువ్వే చెప్పు."

ఆగింది. ఎవరో జవాబు చెబుతారని ఎదురుచూస్తున్నట్టు ఆగింది. కాసేపటికి పెద్ద నిట్టూర్పు విడిచి, "సరే తియ్యి. బంద్ చేస్తున్న" అని లేవబోయింది. గాజులు గలగలమన్నాయి.

ఉమామహేశ్వరి మొగుడి వైపు తిరిగి చెయ్యి చాపింది. "తాళం."

"ఉమా..."

"పాడుగాను మీ ప్రేగు! నా వేణి చచ్చిపోతే ఎవరి పరువు చూసి ఏడవనండీ నేను? ఇస్తారా, తలుపు బద్దలు కొట్టమంటారా?" ఈసారి గుసగుస కాదు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆ ఇంట్లో ఒక మనిషి గొంతు మనిషి గొంతులా మోగింది. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

తలుపు తెరుచుకుంది. నలిగిన నైటీ, చెదిరిన జుట్టు, పాచి మొహం. ఇదీ యూరప్ యాత్రికురాలి అవతారం. కృష్ణవేణి కెవ్వుమంటుందని, గుండె పట్టుకుంటుందని అనుకుంది ఉమామహేశ్వరి. ఆ పిల్ల కదల్లేదు. ఫైలు సంచి గుండెలకు అదుముకుని నిలబడి, ఎర్రబడ్డ కళ్ళతో చూసింది.

"వచ్చినవా అక్కా?" అంది.

"నీకు... తెలుసా?"

"రెండో దినమే తెలిసింది. అరటిపండు దేవుడు తింటడు గావచ్చు, తొక్క వలిచి చెత్తబుట్టల ఏస్తడా?" నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఏం కష్టమొచ్చి దాక్కున్నరో, అడుగుడు మంచిగుండదనుకున్న. ఆకలైతది కదా అని పులిహోర చేస్కొచ్చిన. సాలగ్రామం గిన్నెడు పులిహోర తింటదా అక్కా?"

రామచంద్రరావు గుమ్మంలోనే, పట్టెమంచం కోడులా, బిగుసుకుపోయాడు. ఉమామహేశ్వరి కృష్ణవేణిని కావలించుకుని బావురుమంది. ఏడుపులోనే "పద, టైమవుతోంది" అంటూ చీర కోసం లోపలికి పరిగెత్తింది. సూట్‌కేస్ మూత తీసి, ప్రేగ్‌లో పెళ్ళిరోజున కట్టుకుందామని పెట్టుకున్న పట్టుచీర పక్కకు తోసి, అడుగున ఉన్న నూలుచీర లాక్కుని చుట్టుకుంది.

లిఫ్టు కిందికి దిగింది. దిగిందా, ఎదురుగా ఎవరూ? విజయదుర్గ! చేతిలో కొత్తిమీర కట్ట. పక్కన నాతూర్ సలీం.

"అదేంటి వదినగారూ! శుక్రవారం కదా? ప్రేగ్ నుంచి అప్పుడే వచ్చేశారా?"

నాలుగు రోజులుగా ఏ ప్రశ్నకు భయపడి ఊపిరి బిగబట్టిందో ఆ ప్రశ్నే అది. ఉమామహేశ్వరి కృష్ణవేణి చెయ్యి వదల్లేదు. "వెళ్ళనే లేదమ్మా. వీసా రాలేదు. సిగ్గుపడి ఇంట్లో దాక్కున్నాం. తర్వాత తీరిగ్గా నవ్వుకుందువుగాని, దారి ఇవ్వు" అంది.

విజయదుర్గ కొత్తిమీర కట్టతో సహా పక్కకు జరిగింది. అంతలో పక్క లిఫ్టులోంచి రామచంద్రరావు దిగాడు. ఇస్త్రీ చొక్కా లేకుండా కారిడార్‌లోకైనా రాని మనిషి, లుంగీ మీద, చేతిలో మంచినీళ్ళ సీసాతో, "టాక్సీ నేను పిలుస్తాను, మీరు నీడలో ఉండండి" అంటూ అందరి ముందునుంచీ మే నెల ఎండలోకి నడిచాడు. సలీం "సార్, యూరప్?" అని అడిగాడు. "ఖలాస్, యూరప్ ఖలాస్" అన్నాడాయన, రోడ్డు వైపు చెయ్యి ఊపుతూనే.

ఆస్పత్రిలో తెల్లటి కుర్చీలు. కృష్ణవేణి చెయ్యి మంచులా ఉంది. ఉమామహేశ్వరి దాన్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. ఏం కాదు అని చెప్పబోయి మానేసింది, ఇంక ఆ పిల్లతో తెలియని సంగతి తెలిసినట్టు చెప్పదలుచుకోలేదు.

"వేణీ, అంతా దేవుడికి చెప్పుకున్నావు. ముందే నా తలుపు కొట్టకపోయావా?"

"దేవునికెక్కడ చెప్పిన అక్కా? నీకే చెప్పిన. మొకం చూస్కుంట చెప్పుడు చేత కాలే. తలుపు అడ్డముండె గన్క చెప్పగలిగిన." కృష్ణవేణి నేలకేసి చూస్తూ అంది. "చెప్పినంక ఊకుంటవా అని కూసున్న."

నర్సు వచ్చి పేరు పిలిచింది. కృష్ణవేణి లేచి, సంచి ఉమామహేశ్వరి ఒళ్ళో పెట్టి, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో, ఉంటే బాగుండేది.

"నిన్ననే తలుపు తీస్తవనుకున్న అక్కా" అని లోపలికి వెళ్ళింది.